రెండు చక్రాలు కలిపితే ఒకటి

మా అమ్మమ్మ గేట్లు, కిటికీ గ్రిల్స్ వెల్డింగ్ చేస్తుంది. ఆమె బట్టల్లో నిప్పురవ్వ చిల్లు లేనిది ఒక్కటి చూపిస్తే నా పేరు మార్చుకుంటాను. షాపుకు ఎప్పుడూ స్కూటర్ మీదే. పోయినేడు మోకాళ్లు మొరాయించాయి. సిగ్నల్ దగ్గర కాలు ఆనిస్తే ముందు కాలు ఒరిగేది, తర్వాత బండి, ఆపైన అమ్మమ్మ.

"ఇకనుంచి నేను దింపుతాను అత్తయ్యగారూ" అన్నాడు నాన్న, కారు తాళాలు ఊపుతూ.

నాన్న కారు నడిపితే పక్కన నడిచేవాళ్లు కుశలమడిగి ముందుకెళ్లిపోతారు. వారానికే అమ్మమ్మకు పిచ్చెక్కింది. "ఈయన పక్కన కూర్చుంటే షాపు చేరేలోపే ముసలిదాన్నయిపోతాను" అని, స్కూటర్ ముందు చక్రం పీకేసి, ఒకే ఇరుసుకు అటొకటి ఇటొకటి బిగించింది. ఇక కాలు ఆనించే పనే లేదు.

ఈ మార్పు కాగితాల్లో రాయించుకోడానికి వెళ్తే, రవాణా ఆఫీసులో అధికారి దాని చుట్టూ తిరిగాడు.

"మూడు చక్రాలు. రూల్స్ ప్రకారం ఇది కారు లెక్కమ్మా. కారు లైసెన్సుందా?"

"తలుపుల్లేవు, కప్పు లేదు, కారెట్లా అవుతుంది నాయనా?"

లైసెన్సు లేదు. వెనకటికి కారు పరీక్షలో అమ్మమ్మ రివర్స్ చేస్తూ ఆ ఆఫీసు గేటునే గుద్దింది. ఆ గేటు చేసిందీ తనే. దిగి చూసి "చెక్కుచెదర్లేదు!" అని మురిసిపోయిందట. ఫెయిల్ చేశారు.

మళ్లీ తన కారే దిక్కని నాన్న మొహం వెలిగిపోయింది. అమ్మమ్మ మొహం చూడలేక అధికారి పుస్తకం తిరగేశాడు.

"ఒక్క దారుంది. పక్కపక్కనున్న చక్రాల మధ్య మూరెడు కూడా లేకపోతే, ఆ రెండిటినీ ఒకటిగానే లెక్కేస్తాం. అప్పుడిది మోటార్ సైకిలే."

రెండు కలిపితే ఒకటని నేను రాసినందుకే కదా లెక్కల మాస్టారు నన్ను తొమ్మిదో తరగతిలో రెండేళ్లు కూర్చోబెట్టాడు! ఆయన రవాణా శాఖలో ఉండుంటే నేనీపాటికి ఇంజనీర్ని.

అమ్మమ్మ చక్రాలు దగ్గరికి జరిపింది. మొదటి మలుపులోనే బండి తాగినోడిలా ఊగింది. వెనకున్న నాన్న ఇసకకుప్పలో తేలాడు.

"వాలమంటే అటు వాలారేంటి అల్లుడుగారూ?"

"పారిపోదామని అత్తయ్యగారూ."

బరువు కిందికి దిగి బండి నిలబడేలా అమ్మమ్మ అడుగున ఇనప పలకలు వెల్డ్ చేసి మళ్లీ ఆఫీసుకి తీసుకెళ్లింది. అధికారి టేపు పెట్టి కొలిచి, వెనక ఎక్కాడు. బోల్తా పడితే బండి పాత ఇనప సామానుకి, అమ్మమ్మ నాన్న కారుకి. నేను గేటు ఊచలు పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"వాలు నాయనా, వాలూ!"

కళ్లు తెరిచేసరికి అధికారి, కాగితాలు పళ్ల మధ్య కరిచిపట్టి, నేలకి చెవి ఆనేంతగా వాలి ఉన్నాడు. బండి మలుపు తిరిగింది. నిటారుగా! ఆయన దిగి, మెట్టు మీద కూలబడి, సీసాడు నీళ్లు తాగి, 'మోటార్ సైకిల్' అని రాశాడు.

మర్నాడు నాన్న ఆఫీసుకి ఆలస్యమైంది. కారు వంక చూశాడు, గడియారం వంక చూశాడు. వచ్చి అమ్మమ్మ వెనకెక్కాడు.

"ఎటు వాలాలో గుర్తుందా అల్లుడుగారూ?"

"మీరెటంటే అటే అత్తయ్యగారూ."

బండి సందు మలుపు తిరిగింది. ఇద్దరూ ఒకేవైపు వాలారు.