కడిగిన ఇంజనులో పాత నూనె

మా బావకి పలాసలో నూనె కొట్టు ఉండేది. నువ్వుల నూనె, కొబ్బరి నూనె అమ్మి అమ్మి, లోకంలో నూనె అనేది ఎక్కడ కనబడినా దాని పుట్టుపూర్వోత్తరాలు తనకే తెలుసనుకునేవాడు. మోటారు బస్సులు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో ఎవరో వదిలించుకున్న ఒక పాత బస్సు కొన్నాడు. అక్క మొగుడు కదా అని నేను దానికి డ్రైవరునయ్యాను. అంతకంటే బుద్ధిలేని పని నా జన్మలో ఒక్కటే చేశాను, అది తర్వాత చెబుతాను.

బస్సు పొద్దున్నే పలాస నుంచి టెక్కలి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేది. కొన్నాళ్లకి పొగ చిమ్మడం, కాస్త ఎత్తు వస్తే మూలగడం మొదలుపెట్టింది. లోపల మసి పేరుకుంది, కడగాలన్నాను. బరంపురంలో నాకు పని నేర్పిన మేస్త్రీ చూపించిన పద్ధతి నాకింకా గుర్తే. పాత నూనె దింపెయ్యాలి. కిరసనాయిలు పోసి ఇంజనును కాసేపు నెమ్మదిగా తిప్పి, దాన్నీ దింపెయ్యాలి. ఆపైన కొత్త నూనె పొయ్యాలి. ఆ చివరి పని చెయ్యనివాడు అసలు కడగకపోవడమే నయమని ఆయన పదిసార్లు చెప్పాడు.

కడగడానికి బావ సరేనన్నాడు. కొత్త నూనె మాట ఎత్తగానే మొహం ముడుచుకున్నాడు.

"కడిగింది ఇంజన్ని కదరా. నూనెకేటొచ్చింది?"

"మసంతా నూనెలోకే దిగుతాది బావా. కిరసనాయిలు కలిస్తే పల్సనైపోద్ది. లోపల సామాను ఒకదాన్నొకటి తినేస్తాది."

"నూనె గురించి నాకు సెప్తన్నావేటి? మా తాత కాడ్నించీ నూనెతోనే బతికినోళ్లం. సూడు నాను సేసింది."

చూశాను ఆ ఘనకార్యం. పాత నూనె, కడిగిన కిరసనాయిలు రెండూ ఒకే ఇత్తడి బిందెలో పోయించాడు. కొట్లో నువ్వుల నూనెను మడ్డి దిగేదాకా కదపకుండా ఉంచి పైన తేట వంచుకోవడం అలవాటు. ఇదీ అంతేననుకున్నాడు మహానుభావుడు. నీళ్ల మీద నూనె తేలినట్టు నూనె మీద కిరసనాయిలు తేలుతుందట! మర్నాడు పొద్దున్న గరిటెతో పైపైన తీసి పారబోశాడు. మిగిలింది కొబ్బరి మట్ట మొదట్లో వలలా అల్లుకునే పీచులో వడగట్టాడు. రెండు వేళ్ల మధ్య రుద్ది చూసుకుని, "బంగారంలాగుంది, పొయ్యి" అన్నాడు. నయం, నాలిక్కి రాసుకోలేదు.

నేను పోశాను.

ఆ పీచు ఇచ్చింది ఉద్దానం నుంచి కొట్టుకి ఎండు కొబ్బరి వేసే ఒక ముసలి రైతు. కొబ్బరి గోనెలకి అడ్డం పెట్టి తెచ్చిన పీచు అది, బావ అడగ్గానే తీసిచ్చాడు. ఆయన ఆ రోజు మా బస్సులోనే టెక్కలి కోర్టుకి వెళ్లాలి. ఆయన కొబ్బరి తోట తనదని దాయాది దావా వేశాడు. ఈ వాయిదాకి మనిషి కనబడకపోతే తోట పోయినట్టేనని వకీలు ముందే చెప్పాడట. కాగితాల మూట ఒళ్లో పెట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు.

నందిగాం దాకా బాగానే వచ్చాం. దాటాక ఇంజనులో టకటకమని చప్పుడు మొదలైంది. కాసేపటికి ఒక్క అదురు అదిరి బిగుసుకుపోయింది. ఇంజను తిప్పే హ్యాండిలు పెట్టి నేనూ ముసలాయనా వేలాడినా కదల్లేదు.

"ఇక కదల్దేటి బాబూ?" అన్నాడు ముసలాయన.

కదలదన్నాను. మూట చంకలో పెట్టుకుని ఎండలో టెక్కలి వైపు నడక మొదలుపెట్టాడు. ఆయన చేరేసరికి పేరు మూడుసార్లు పిలిచేశారు. తోట దాయాదికి రాసేశారు.

బావ బండి కట్టించుకొచ్చి ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "నీ తోలకం అలాటిది" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? బావమరిది ఇంజను పాడు చేసేశాడని పలాసంతా చాటింపు వేశాడు. సిగ్గులేని మనిషి. నూనెలో కిరసనాయిలు కలిసిపోతుందని తెలియనివాడు నూనె వ్యాపారి!

రెండ్రోజుల తర్వాత ముసలాయన కొట్టు దగ్గరికొచ్చాడు. బావ ఆయన మొహం చూడకుండా త్రాసు తుడుచుకుంటూ, "ఇనప సామాను, ఎప్పుడేటవుద్దో ఎవులికి తెల్సు" అన్నాడు. ముసలాయన నా వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు బాబూ. అదాగిపోద్దని నీకు ముందే తెల్దా?"

"తెల్దు" అన్నాను.

"నీకే తెల్పోతే ఇంకెవులికి తెలుస్తాది" అని తల ఊపి వెళ్లిపోయాడు. నమ్మాడు.

బావని ఇన్నేళ్లుగా తిడుతూనే ఉన్నాను, ఇకముందూ తిడతాను. కానీ ఆ "తెల్దు" అన్న మాట నాతో బావ చెప్పించలేదు.