పాపం క్వెచువా పిల్లలు

రేపు బడిలో ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని మా అమ్మాయి ఈ సాయంత్రం నాకు వినిపించింది. దక్షిణ అమెరికా కొండల్లోని క్వెచువా భాషకూ, యూరప్‌లోని స్లొవాక్‌కూ పోలిక. శాలిబండలో మా టైలర్ షాపులో మిషన్ ఆపి మరీ విన్నాను.

మాట్లాడేవాళ్లు క్వెచువాకే ఎక్కువట. అయినా సొంత దేశం స్లొవాక్‌కే ఉంది. క్వెచువా పిల్లలు పట్నానికొస్తే సిగ్గుపడి తమ భాష దాచుకుంటారట.

"పాపం గద బాపూ?" అంది.

"మస్తు చెప్పినవ్ బిడ్డా. రేపు నేను గూడ వచ్చి వింట."

అమ్మాయి ఉపన్యాసం కాగితాన్ని మడతపెట్టింది. "రా బాపూ. గాని నువ్వు మాట్లాడకు. టీచర్లతోని మమ్మీ మాట్లాడుతది."

వాళ్లమ్మది గుంటూరు. నాది ఈ గల్లీయే.

నోరు విప్పకుండానే సరేనని తల ఊపాను. రేపటికి అలవాటు కావాలి కదా! మీ ఇంట్లో టీచర్లతో మాట్లాడేది ఎవరు?