ఫుసాయె గుడ్డట్టు ముక్క

మా గుజో ఊళ్లో హోటళ్ల గాజు అద్దాల వెనక పెట్టే ఉత్తుత్తి తిండి తయారుచేయడం మా పని. అసలు తిండి మీద రబ్బరు పోసి అచ్చు తీస్తాం, ఆ అచ్చులో రెసిన్ అనే ప్లాస్టిక్ ద్రవం పోసి, గట్టిపడ్డాక రంగులు వేస్తాం. అచ్చులు పోసే బల్ల తోకియె అక్కది, రంగులు వేసే బల్ల నాది. ముప్ఫై ఏళ్లు ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ పోసిన రొయ్యను పిల్లి ఎత్తుకుపోయిందంటే కోతలు కోస్తున్నాననుకుంటారు. నిజంగానే ఎత్తుకుపోయింది. వీధి చివరిదాకా వెంటబడి లాక్కొచ్చింది నేనే.

అక్క పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు ఫుసాయె మొగుడు పోయి, నేను పనిలో చేరకముందే పుట్టింటికొచ్చింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో వాళ్లిద్దరే. ఫుసాయె రోజూ అక్కకు డబ్బా సర్దేది. అన్నం, ఉప్పులో ఊరిన రేగుపండు, చుట్టచుట్టి కోసిన గుడ్డట్టు రెండు ముక్కలు. పదింటికి టీ పెట్టేవాళ్లు. అక్క చేతులు కడుక్కోవడానికి లేవగానే నేను డబ్బా మూత ఎత్తి ఒక ముక్క గుటుక్కున మింగేవాణ్ణి. ఆవిడ తిరిగొచ్చి డబ్బాలోకి చూసేది.

"ఈ కార్ఖానాలో ఎలకలు ఎక్కువయ్యాయిరా కిహాచీ."

"బోను పెట్టక్కా," అనేవాణ్ణి, మూతి తుడుచుకుంటూ. ముప్ఫై ఏళ్లూ ఇదే మాట.

మొన్న మార్చిలో ఒకరోజు పదింటికి నా ముక్క నేను మింగేశాను. పదిన్నరకి పక్కింటావిడ ఫోన్ చేసింది. ఫుసాయె బట్టలారేస్తూ పెరట్లో పడిపోయిందట. అక్క వెళ్లేసరికే అంతా అయిపోయింది. డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. అచ్చు తీయడానికి తెచ్చిన చేపలు దాచే ఐసుపెట్టెలో దాన్ని పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

ఎనిమిదో రోజున అక్క పనిలోకి వచ్చింది. చేప కోసం ఐసుపెట్టె తెరిచి అలాగే నిలబడిపోయింది. డబ్బా తీసుకుని బల్ల దగ్గరకొచ్చి మూత తీసింది. ఒక్క ముక్క మిగిలింది.

"దీన్ని అచ్చు తీస్తానురా. నలభై తొమ్మిదో రోజున దాని పటం ముందు పెడతాను."

నలభై తొమ్మిదో రోజుతో కర్మ ముగుస్తుంది, అప్పటిదాకా పోయినవాళ్లకు రోజూ ఇంట్లో వండింది పెట్టాలి. ఆ ఇంట్లో వండే మనిషే పోయింది. అక్కకు అన్నం వార్చడం కూడా సరిగ్గా రాదు.

"తెల్ల రబ్బరు పోసెయ్యక్కా. దేనిమీదైనా గట్టిపడుతుంది," అన్నాను.

"తెల్లది రోజులు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది. నూడుల్స్ గిన్నెకైతే చాలు. నా చెల్లెలి ముక్క వెంట్రుకవాసి కూడా తగ్గకూడదు. నీలం రబ్బరే పోస్తాను."

"నీలందానికి గుడ్డంటే పడదని మాకు నేర్పింది నువ్వేగా!"

"పడదు. గుడ్డులో గంధకం తగిలితే జిగురుగానే ఉండిపోతుంది. అందుకే ముందు మూడు పూతలు వార్నిష్ పూస్తాను. నాకే పాఠాలు చెప్తున్నావా, నిన్న పుట్టినోడా!"

"నాకు యాభై రెండు."

"అదే, నిన్నే."

నీలం రబ్బరుకి పడని ఇంకో సంగతి కూడా ఉంది, తెల్ల రబ్బరు. తెల్లదాని ఆనవాలు తగిలినా నీలంది గడ్డకట్టదు. అందుకే మా దగ్గర రెండింటికీ గిన్నెలు వేరు, కలిపే పుల్లలు వేరు. పనిలో చేరిన మొదటి రోజే ఇది చెప్పి చేతిమీద ఒకటి వేసేది అక్క. వేయించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆవిడ వార్నిష్ పూస్తుంటే, సాయం చేద్దామని నేను రబ్బరు కలపబోయాను. కొత్త పుల్ల కింద పడింది. చేతికందిన ఇంకో పుల్లతో కలిపాను. దాని చివర గోరంత తెల్లమచ్చ ఉంది. చూశాను కూడా. ఎండిపోయిందే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిని!

మర్నాటికి గట్టిపడాలి. అక్క పొద్దున్నే వచ్చి వేలితో నొక్కింది. వేలు అంటుకుపోయింది. పళ్లు కుట్టుకునే పుల్లతో మధ్యాహ్నం దాకా ఆ జిగురు గీకుతూ కూర్చుంది. గుడ్డు పొడిపొడిగా ఊడొచ్చింది. ఆఖరికి గిన్నెలో పసుపు రజను తప్ప ఇంకేమీ మిగల్లేదు.

"వార్నిష్ పల్చగా పూశాను," అంది. "నా చేతులు పోయాయిరా."

తెల్లమచ్చ సంగతి దాచేశాను. పుల్ల కడిగి పక్కన పడేశాను. మనిషి పుట్టుక పుట్టి అలా నిలబడ్డాను.

ఆ తర్వాత అక్క మైనంతో గుడ్డట్టు చెక్కడం మొదలుపెట్టింది. దానికి అచ్చు తీసి, పసుపు రెసిన్‌లో చిటికెడు మట్టిరంగు కలిపి పోసింది. చక్కగా వచ్చింది. పక్కకు తోసేసింది. ఇంకోటి పోసింది. అదీ తోసేసింది. ఊరి హోటళ్లకు వేలకు వేలు గుడ్డట్లు చేసిన చేతులవి. ప్రతిదీ హోటలు అద్దంలోది లాగే ఉంది, ఫుసాయెది లాగా లేదు.

"కిహాచీ, ఫుసాయె అట్టుకి మాడిన చార ఏ పక్కన ఉండేదిరా?"

నేను రంగు కుంచె కింద పెట్టాను.

"ముప్ఫై ఏళ్లు పేపరు చదువుతూ తిన్నాను," అంది. "ఒక్కనాడూ చూళ్లేదు. వార్నిష్ పూసినప్పుడు కూడా పూత మీదే ధ్యాస పెట్టాను. నువ్వన్నా చెప్పు. రోజూ తిన్నావుగా!"

సిగ్గుతో చచ్చిపోయాను. "నేనూ చూళ్లేదక్కా. నువ్వొచ్చేలోపు మింగేసేవాణ్ణి."

"అంత దొంగతనం దేనికిరా, దరిద్రుడా! అది రెండు పెట్టిందే నీకోసం. నాకు ఒక ముక్కే పడుతుందని దానికి తెలుసు. 'ఒకటి నీకు, ఒకటి ఎలక్కి' అంటూ మరీ సర్దేది."

ఇక ఆపుకోలేకపోయాను. బల్ల మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పుల్ల సంగతి చెప్పేశాను. తెల్లమచ్చ చూసి కూడా కలిపానని చెప్పాను.

అక్క చేతిలోని మైనం ముద్దను అటూ ఇటూ తిప్పింది. "తెలుసు. నువ్వు పుల్ల కడుగుతుంటే చూశాను."

"మరి తిట్టలేదేం?"

"తిడితే మర్నాడు నువ్వు రావు. ఇంట్లో ఎలాగూ ఎవరూ లేరు. ఇక్కడ కూడా ఎదురుగా ఎవరూ లేకపోతే ఎలారా?"

నలభై తొమ్మిదో రోజున నేనే గుడ్డట్టు వేసి పట్టుకెళ్లాను. బతుకులో మొదటిసారి పొయ్యి దగ్గర నిలబడ్డాను, ఎలా వచ్చి ఉంటుందో మీరే అనుకోండి. ఒక పక్కంతా మాడింది. అక్క దాన్ని ఫుసాయె పటం ముందు పెట్టి అగరొత్తి వెలిగించింది. రెసిన్‌వి ఒక్కటీ పెట్టలేదు. అగరొత్తి పూర్తయ్యాక అట్టు తీసి రెండు ముక్కలు కోసి, ఒకటి నా ముందు పెట్టింది.

అలవాటు చొప్పున నా చెయ్యి ముక్క మీదికి పోయింది. అక్క చేతిమీద ఒక్కటి వేసింది.

"ముందు చూడు."

చూశాను. ఎడమ పక్క నల్లటి చార, మధ్యలో చుట్ట విడిపోయి చిన్న సందు, కొసన ఉప్పు గడ్డ.

"చూశావా?"

"చూశానక్కా."

"అయితే తిను."

తిన్నాను. అక్క మాత్రం తన ముక్క ముట్టుకోలేదు. నేను చెప్పులేసుకుని బయటికి వచ్చేటప్పుడు కూడా దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూనే కూర్చుంది.