ఉప్పు మానేసిన ఇంటికి ఒక రోజు ప్రయాణం

చూడదగ్గ ప్రదేశాల కోసం చదివేవాళ్ళు ఈ పేజీ తిప్పేయవచ్చు. ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉన్నవాళ్ళు మాత్రం చదవండి.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మరుసటి ఏడు వేసవిలో, ఒక మంగళవారం, విజయనగరం నుంచి కళింగపట్నం పక్కనున్న మా పుట్టింటి పల్లెకి బయల్దేరాను. ముందురోజు సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "మీ అన్న కాళ్ళు మళ్ళీ పొంగిపోనాయమ్మా. పడుకుంటే ఊపిరందడం నేదు. కూకునే నిద్దరోతన్నాడు" అంది. ఆరు నెలల్లో ఇది మూడోసారి.

మా అన్న పేరు గురువులు. ముప్పై ఏళ్ళు సముద్రం మీద చేపల వేట చేసినవాడు. గుండె బలహీనమై ఒంట్లో నీరు చేరుతోందని శ్రీకాకుళం డాక్టరు చెప్పాడు. మాత్రలు రాసి, ఉప్పు మానమన్నాడు. ఆ మాట వదినకి అర్థమయ్యేలా చెప్పే పని నాది. "కూరలో ఒక్క ఉప్పురాయి కూడా పడకూడదు వదినా" అని చెప్పి, ఏదో ఘనకార్యం చేసినట్టు అప్పుడు బస్సెక్కేశాను.

ఐదూ నలభైకి ఆర్టీసీ కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు దొరికింది. పొద్దుటి బస్సులో ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. పక్క సీటులో రణస్థలంలో దిగాల్సిన పెద్దావిడ ఎక్కడికని అడిగి, అంతా విని, "మా ఇంటాయనకీ బీపీ ఉండీది. మాత్రలేస్తే తగ్గిపోనాది. తగ్గినాక మరెందుకని ఆపించేసినాను" అంది.

"ఆపకూడదమ్మా, రోజూ వేసుకోవాల్సిందే" అన్నాను.

"రోజూ మందు మింగితే మనిషేటవుతాడు?" అని నామీద జాలిపడింది. ఈ జనానికి ఎవరు చెప్పి చావాలి, మావాళ్ళే నయం అనుకున్నాను.

ఏడున్నరకి శ్రీకాకుళం. స్టాండు బయట నాలుగు ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను. పదిమంది నిండితేగానీ కదలదు. ఊపిరాడని మనిషిని మాత్రం అందులో తీసుకురాకండి. అరసవల్లి, గార దాటుకుని పల్లె చేరేసరికి తొమ్మిది.

అన్న గుమ్మంలో గోడకి చేరగిలబడి ఉన్నాడు. పాదాలు మద్దెల్లా ఉన్నాయి. "వచ్చినావా సెల్లీ" అనడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకున్నాడు. వదిన గంజి తెచ్చింది. నేను ఓ గుక్క తాగి చూశాను. వట్టి చప్పిడి. ఆమె కూడా ఆరు నెలలుగా అదే తింటోంది, ఆయన తినలేనిది తనకెందుకని. ఆ సంగతి విని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

తర్వాత ఆమె గంజి పక్కన, పొయ్యిమీద కాల్చిన ఎండుచేప ముక్క పెట్టింది.

"వదినా, ఇదేటి?"

"సేప. సప్పిడి గంజి దిగొద్దా మరి?"

"రోజూ పెడుతున్నావా?"

"రెండు పూటలా. బలానికి."

పెరట్లో తొట్టె నిండా చేపలు ఉప్పులో ఊరుతున్నాయి. వాటిని ఎండబెట్టి సంతకి పట్టుకెళ్ళడమే ఆమె బతుకుతెరువు. "ఇందులో గంపెడు ఉప్పుంది కదా!" అని అరిచాను.

వదిన బిత్తరపోయింది. "అది సేప నిలవుండడానికి ఏసినదమ్మా. తినడానికి ఏసినదా? పెట్టీముందు కడుగుతాను కూడాను."

నేను ఆ ఇంట్లో పుట్టి, ఆ ముక్కే నంజుకుని పెరిగినదాన్ని. కూర గురించి చెప్పాను, చేప ఊసే ఎత్తలేదు. సిగ్గేసింది.

పదికి ఊళ్ళో ఆటో ఒకటి పూర్తిగా మాట్లాడుకుని, దిళ్ళు ఎత్తుపెట్టి అన్నని కూర్చోబెట్టాం. దారిలో వదిన వినకుండా నా చెయ్యి పట్టుకుని, "దాన్నేటీ అనకు సెల్లీ. ముద్ద దిగక నేనే అడిగినాను" అన్నాడు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరు చూసేసరికి ఒంటిగంట దాటింది. చేర్చుకుని, ఆక్సిజన్ పెట్టి, నన్నొక్కదాన్నే పిలిచాడు. "నీరు తీయగలను. గుండె కండరాన్ని తిరిగి తేలేను. నెలలే అనుకోండి" అన్నాడు. ఎండుచేప సంగతి చెప్పాను. ఆయన కలం కింద పెట్టి, "మొన్న వచ్చినప్పుడు నేనూ అడగలేదు" అన్నాడు.

ఐదున్నర బస్సుకి నేను వెళ్ళిపోక తప్పలేదు, మర్నాడు నేను కుట్టుపని నేర్పే బడిలో పిల్లలకి పరీక్ష. వదిన గేటుదాకా వచ్చింది. "ఇంక ఆ ముక్క ఇంట్లో ఉంచను. మానేస్తే బాగైపోతాడు కదమ్మా?"

"అవుతాడు వదినా" అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందనుకోలేదు.

ఈ దారిలో విజయనగరం, శ్రీకాకుళం రెండిటిలోనూ గుండె డాక్టర్ల బోర్డులు లేని వీధి నాకు కనబడలేదు. మందుల షాపులకీ కొదవలేదు. మా పల్లెలో ఎవరేం తింటున్నారో పొయ్యి దగ్గర కూర్చుని చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. నాకిప్పుడు మందులమీద ఆశ లేదు, నామీద అసలే లేదు.

బస్సు రణస్థలం దాటుతుండగా వదిన ఫోన్ చేసింది. "సప్పిడన్నం ముట్టడం నేదమ్మా. ఒక్క ముక్క తెమ్మని ఏడుస్తన్నాడు. ఏటి సెయ్యమంటావు?"

డాక్టరు మాట ఆమెకి తెలియదు. పెట్టమంటే ఎందుకో చెప్పాలి. వద్దంటే మిగిలిన రోజులు కూడా ఏడిపించాలి.

"వదినా, సిగ్నల్ లేదు" అని ఫోన్ కట్టేశాను.