నర్సింహ తుడిచిన ఎరుపు

మన నగరంలో పెద్దింటి కారుకు ఏ రోగం వచ్చినా మొదటి ముద్దాయి డ్రైవరే. పెట్రోలు తగ్గితే అతడే తాగినట్లు, టైరు అరిగితే అతడే కొరికినట్లు మాట్లాడతారు. ఈ న్యాయం ఏ ధర్మశాస్త్రంలో ఉన్నదో, ఇంతకాలంగా చదువుతున్నా నాకు మాత్రం కనబడలేదు. మా చెల్లెలు శారదాదేవి దగ్గర డ్రైవరుగా ఉన్న నర్సింహ విషయంలో జరిగినది అందుకే రాస్తున్నాను.

శారద డబ్బింగ్ కళాకారిణి. తెర మీద ఎందరో తల్లులూ అత్తగార్లూ ఆమె గొంతుతోనే ఏడ్చారు. శ్రీనగర్ కాలనీలో ఆమె ఇంటి పై అంతస్తులో నేనుంటాను. నర్సింహ చేవెళ్ల వైపు రైతుబిడ్డ. బోర్లు ఎండిపోయాక నగరానికి వచ్చి, జూబ్లీ హిల్స్ బంగళాలకు నీళ్ల ట్యాంకరు తోలాడు. "ఊర్ల నీళ్లు లేక గీడికొస్తిని. గీడికొచ్చి అందరికి నీళ్లు పోస్తిని పెద్దసారూ" అని నవ్వేవాడు. తరువాత షూటింగు బృందాల వ్యాను నడిపి, చివరికి మా శారద కారు దగ్గర స్థిరపడ్డాడు. భార్య రాజమ్మతో ఫిలింనగర్ బస్తీలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. కారు తాళం ఎప్పుడూ అతడి చొక్కా జేబులోనే ఉండేది. రాత్రి ఇంటికి పోతూ వెంట తీసుకుపోయినా ఎవరూ అడిగేవారు కారు. శనివారం శనివారం బండి కడిగి, బంపరు పైనున్న జాలీకి నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దిష్టి దండ కట్టి, దాని కింద పసుపూ కుంకుమా పెట్టడం అతడి నియమం.

మొన్నటి వానాకాలంలో ఫిలింనగర్ ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేచింది. బానెట్ ఎత్తి చూస్తే, ఇంజన్‌ను చల్లబరిచే ఎర్రని కూలెంట్ డబ్బాలో అడుగంటి ఉంది. నింపారు. వారం తిరగకుండా మళ్లీ అడుగంటింది. కారు నిలిపిన చోట నేల మీద తడి లేదు.

సర్వీసు కేంద్రంవారు బండిని రోజంతా ఉంచుకున్నారు. ముందు శుభ్రంగా కడిగారు. రేడియేటర్ మూత తీసి, ఆ స్థానంలో ఒత్తిడి పరీక్షించే యంత్రం బిగించి, "ఎక్కడా లీకు లేదు" అని రాసిచ్చారు. ఆ కాగితం నా ఫైలులో ఉంది. అక్కడ బల్ల దగ్గర కూర్చునే సాయిశ్రీనివాస్ అనే యువకుడు మా చెల్లెలి వైపు వంగి, గొంతు తగ్గించి అన్నాడు:

"లీక్ లేకుండా కూలెంట్ తగ్గదు మేడమ్. మీ డ్రైవర్ని ఓసారి అబ్జర్వ్ చేయండి. కొంతమంది బయట కిరాయిలకి తిప్పేస్తుంటారు."

"నాయనా, లీకు లేదని కాగితం మీద రాశావు కదా. దొంగ ఉన్నాడని కూడా దాని కిందే రాసి సంతకం పెట్టు" అన్నాను.

"అలా రాయలేం సార్" అని నవ్వాడు.

రాయలేని మాటను చెవిలో వేయడానికి మాత్రం అతడికి అభ్యంతరం లేకపోయింది. ఆ మాట మా ఇంటికి మాతోనే వచ్చింది. వాకిట్లో కారు దిగుతూనే శారద అడిగింది.

"నర్సింహా, బండి బయటెక్కడికైనా తిప్పుతున్నావా?"

"లేదమ్మా."

"మరి నా దగ్గరేమైనా దాస్తున్నావా?"

"నేనేం దాస్తనమ్మా" అన్నాడతడు కాస్త ఆగి.

పైకి వచ్చాక నాతో అంది: "అన్నయ్యా, గొంతులు వినడమే కదా నా పని. మొదట చెప్పింది నిజం. రెండోది అబద్ధం. ఆ మాటకి ముందు గాలి మింగాడు."

ఆ సాయంత్రమే "నీ గొంతులో అబద్ధం వినబడింది" అని అతడి దగ్గర తాళం అడిగి తీసుకుని, పూజగది పక్కనున్న కొక్కేనికి తగిలించింది. నర్సింహ ఖాళీ జేబు ఒకసారి తడుముకున్నాడు.

అనుమానం ఒకసారి మొదలయ్యాక దానికి సరుకు దొరకడం కష్టం కాదు. కాపలాదారు వచ్చి చెప్పాడు: "పొద్దుగాల మీరు లెవ్వకముందే వచ్చి బండి ముంగట కూసుంటుండమ్మా. గుడ్డతోని ఏందో తుడుస్తుండు. నన్ను జూస్తే గుడ్డ దాసిపెడ్తుండు."

శారద నిర్ణయించుకుంది. మరునాటి ఉదయం అతణ్ని మాన్పించేస్తానంది. ఈ వీధుల్లో డ్రైవరును మాన్పించడమంటే సామాన్య విషయం కాదు. మధ్యాహ్నానికల్లా టీ బండ్ల దగ్గర తెలిసిపోతుంది. అమ్మగారు తాళం లాక్కుని పంపించారన్న మాట పుట్టాక అతడికి ఇంకెవరూ స్టీరింగు ఇవ్వరు. "ముందు నన్ను కళ్లారా చూడనీ" అన్నాను.

తెల్లవారుతూనే వాకిట్లో స్తంభం వెనుక కుర్చీ వేసుకున్నాను. నర్సింహ వచ్చాడు, అటూ ఇటూ చూశాడు, కారు ముందు గొంతుక్కూర్చుని దిష్టి దండ కింద బంపరు తుడిచాడు. నేను లేచి చేయి చాపాను.

"ఆ గుడ్డ ఇటివ్వు."

అతడు దాన్ని వెనక్కు దాచబోయి, చివరికి ఇచ్చాడు. గుడ్డ తడిగా, ఎర్రగా ఉంది.

"ముందుగాల కుంకుమ గారిందనుకున్న సారూ. తుడిస్తే మల్ల వచ్చింది. బొట్టు పెట్టని వారం గూడ వచ్చింది. అది నెత్తురే సారూ. ఎవడో పడనోడు బండికి ఏదో జేయిస్తుండు."

"కూలెంటూ ఎరుపే కదయ్యా. నింపేది నువ్వే కదా."

"లీకు లేదని మిషిను పెట్టి జూసి కాయితం ఇచ్చిండ్రు గద. ఇంక నెత్తురు గాకుంటే ఏంది?"

ఆ కాగితాన్ని నాకంటే అతడే ఎక్కువగా నమ్మాడు.

"ఎవరి మీద అనుమానం?"

"పక్కింటి డ్రైవరు మీద. నేను గట్టిన నిమ్మకాయలు రెండు పారీలు మాయమైనయ్. అందుకే దారం ఇడిసిపెట్టి, ఎవ్వని చెయ్యి అందకుంట లోపటికెల్లి ఇనుప తీగతోని బిగించిన."

"మరి అమ్మగారికి ఎందుకు చెప్పలేదు?"

"అమ్మ ఇయ్యాల రేపు పెద్ద ఏడుపు సీన్లు జెప్తుంది. గిది ఇంటే గొంతు వణుకుతది. ఆ గొంతే గద సారూ మనింటి అన్నం."

గుడ్డను వేళ్ల మధ్య రాసి చూశాను. జిగటగా జారింది. కుంకుమ జారదు. వాసన చూస్తే తీపి. నెత్తురుకు ఆ వాసన ఉండదు. తల ఎత్తేసరికి శారద తాళం చేత పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మా మాటలు ఎంతవరకు విన్నదో తెలియదు. నేరుగా వచ్చి డిక్కీ తెరిచి, నింపడానికి ఉంచిన కూలెంట్ సీసా తీసింది. గుడ్డ మీద చిన్న చుక్క వేసింది. రెండు ఎరుపులూ ఒకటే.

"దండ తీసి చూద్దాం" అన్నాను.

"శనివారం దాక దాన్ని ముట్టొద్దు సారూ. ముట్టినోనికి ఆ దిష్టి తలుగుతది. సర్వీసుల గూడ ముట్టలే. 'దిష్టిది గదా అన్నా, మాకెందుకు' అని సుట్టూర కడిగిండ్రు."

అంతపెద్ద కేంద్రంలో అన్ని చేతులు ఆ బండిని తడిమాయి. ఎవరి చేయీ పోని చోటు ఒక్కటే మిగిలింది.

"నువ్వు తియ్యకపోతే నేను తీస్తాను" అంది శారద.

"మీరొద్దమ్మా. మీకు రికార్డింగున్నది." కళ్లు మూసుకుని స్వామిని తలచుకుని, బానెట్ ఎత్తి, జాలీ వెనుకకు చేయి పెట్టాడు. అతడు బిగించిన తీగ ఇనుప కడ్డీకి కాక, ఒక సన్నని రబ్బరు గొట్టానికి చుట్టుకుని ఉంది. బండి అదురుకు అది మెల్లగా రబ్బరును కోసింది. ఇంజన్ వేడెక్కితే రేడియేటర్ మూత దగ్గరి నుంచి కూలెంట్ డబ్బాలోకి పొంగేదీ, చల్లారితే వెనక్కు వచ్చేదీ ఆ గొట్టంలోంచే. పరీక్షా యంత్రం బిగించింది ఆ మూత స్థానంలో కనుక, మూత అవతలనున్న గొట్టం పరీక్షలోకే రాలేదు. నర్సింహ వేలి మీద ఎర్రని బొట్టు నిలిచింది.

"నేనే గోసిన్నా అమ్మా?" అన్నాడు.

శారద బానెట్ దించింది. "గొట్టం మార్పించుకు రా. మధ్యాహ్నం రికార్డింగుంది" అని తాళం అతడి చేతిలో పెట్టింది. "ఇక నీ దగ్గరే ఉంచుకో."

సర్వీసు కేంద్రానికి నేను సవివరంగా ఉత్తరం రాశాను. తమ సేవలపై అభిప్రాయం తెలిపినందుకు ధన్యవాదాలన్నారు. అదీ ఫైలులో ఉంది. నిమ్మకాయలు ఎవరు లాగారో నేటికీ తేలలేదు. పక్కింటి డ్రైవరుతో నర్సింహ ఇప్పటికీ ముభావంగానే ఉంటాడు. దండ మాత్రం దారంతోనే కడుతున్నాడు.

గొట్టం మార్పించిన రోజు సాయంత్రం రికార్డింగు నుంచి వచ్చాక, నర్సింహ చెప్పులు విప్పి లోపలికి వచ్చి, తాళాన్ని పూజగది పక్క కొక్కేనికే తగిలించాడు.

"నీ దగ్గరుంచుకోమన్నాను కదయ్యా" అంది శారద.

"వద్దమ్మా, గీడనే ఉండనీ. రేపు ఇంకేదన్న తగ్గితే, మీరు మల్ల కూసోని నా గొంతు ఇనాల్సొస్తది."

అతడు వెళ్లిపోయాడు. తాళం ఇప్పటికీ ఆ కొక్కేనికే ఉంది.