మల్లేశన్న నేర్పిన కనురెప్ప పరీక్ష

నిన్న బుధవారం. పొద్దుటి నుంచి ముసురు. కొట్టం కడిగి, జోరీగలు వాలకుండా బర్రెలకు వేపాకు పొగ వేశాను.

అప్పుడు ఫోన్ వచ్చింది. మల్లేశన్న బిడ్డ.

"కాకా, బాపు పోయిండే."

"మొన్న ఆదివారం నాతోని చాయ్ తాగిండు గదమ్మా" అన్నాను.

మల్లేశన్న మా దౌల్తాబాద్ దిక్కు పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ని. పశువుల గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నవే.

ఒక వానాకాలం మా పెద్ద బర్రెకు జ్వరం పట్టుకుంది. వస్తుంది, పోతుంది. మేత ముట్టదు, మళ్లీ తింటుంది. దిష్టి అన్నారు కొందరు.

మల్లేశన్నతో రక్తం తీయించి సిద్దిపేట ల్యాబ్‌లో ఇచ్చాను. ఏమీ లేదన్నారు. బర్రె కాస్త తేరుకున్న రోజు చూసి నేనే తీయించాను. జ్వరంలో ఉన్నదాన్ని సూదితో పొడిపించడానికి మనసు ఒప్పలేదు.

"రోజు పాలు రాస్తవు గదా, బుక్ తే" అన్నాడు మల్లేశన్న.

వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. ప్రతి ఐదారు రోజులకు పాలు సగానికి పడిపోయి ఉన్నాయి.

"గిది జ్వరమొచ్చిన దినం తమ్మీ. పురుగు గప్పుడే రక్తంల కనవడతది. నువ్వేమో బర్రె మంచిగ తయారైనంక ఫొటో దించినట్టు చేసినవ్. రాసుడే గాని సదువుడు లేదా?"

మళ్లీ జ్వరం వచ్చిన రోజు రక్తం సీసా షర్టు జేబులో పెట్టుకుని బండి తీశాడు. నేను వెనక కూర్చున్నాను. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ నాకూ చూపించాడు. సన్నటి పురుగు ఎర్ర కణాలను నెట్టుకుంటూ ఈదుతోంది. సర్రా. జోరీగలు ఒక పశువు నుంచి ఇంకో పశువుకు అంటించే జబ్బు.

డాక్టర్ సారు రాసిన పౌడర్ మందు నీళ్లలో కలిపి చర్మం కింద ఇంజెక్షన్ ఇచ్చారు. గ్లూకోజ్ ఎక్కించారు. రెండో రోజుకు బర్రె మేత అందుకుంది. ఇక అయిపోయిందనుకున్నాను.

మల్లేశన్న దాని కింది రెప్ప వంచి చూపించాడు. లోపల తెల్లగా పాలిపోయి ఉంది.

"పురుగు సచ్చింది. రక్తం యాడున్నది? గీ రెప్ప ఎర్రగయ్యేదాక బర్రె బాగైందని నాకు చెప్పకు."

నెల పైన పట్టింది. రోజూ రెప్ప వంచి చూసి రాసుకున్నాను.

ఇక రాయాల్సింది రాస్తున్నాను.

మల్లేశన్న మోకాళ్ల నొప్పికి రోజూ గోళీలు మింగేవాడు. కడుపులో పుండు పడి చాలా రోజులుగా రక్తం పోతోందట. నిన్న తెల్లవారుజామున సిద్దిపేటకు తీసుకుపోయారు. రక్తం ఎక్కిస్తుండగానే గుండె ఆగింది.

అన్నీ అయ్యాక ఇంటికొచ్చి పాలు రాసే నా నోట్‌బుక్ తిరగేశాను. ఇంటికి ఎవరొచ్చిందీ, ఏం జరిగిందీ అందులోనే రాస్తాను.

"మల్లేశన్న గేటు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు."

"మల్లేశన్న చాయ్ సగం వదిలేశాడు."

"మల్లేశన్న మొహం పాలిపోయింది."

మూడు నెలల్లో మూడు చోట్ల. నా రాతే.

ఒక్కసారి అడిగాను.

"అన్నా, రక్తం టెస్ట్ చేయించుకుందాం పా."

"నేనేమన్న నీ బర్రెనా?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు నాకు. రెండోసారి అడగలేదు.

బర్రె తన్నితే కాళ్లకు తాడు కట్టి మరీ సూది వేయించాను. మనిషి వద్దంటే ఊరుకున్నాను.

నిన్న ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టినప్పుడు పక్కనే కూర్చున్నాను. ఆ కింది రెప్ప ఒక్కసారి వంచి చూడాలనిపించింది.

చెయ్యి లేవలేదు.

పోయిరా మల్లేశన్నా. ఆయాసం లేని చోట నిమ్మళంగ పండుకో.