నతానియేలు మాస్టారి ప్రశ్న

నతానియేలు మాస్టారికి మనిషి కనిపిస్తే నోటికి నమస్కారం రాదు, ప్రశ్న వస్తుంది. "మీ ఇంట్లో ఎవరెవరుంటారండీ?" కాలేజీలో సమాజశాస్త్రం చెప్పి రిటైరైనా, భవానీపురంలో మా అపార్ట్‌మెంట్‌ని మాత్రం వదల్లేదు.

పాలవాణ్ణి ఎంతసేపు నిలబెట్టారంటే, పాలు విరిగాయి. గ్యాస్ బండ భుజాన మోసుకొచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపి, అత్తగారితో పడుతుందా అని ఆరా తీశారు. పన్ను పీకించుకోవడానికి వెళ్లి, నోట్లో పట్టకారు ఉండగానే డాక్టరమ్మ కాపురం సంగతి అడిగారట!

"ఎందుకు సార్ మీకీ గోల?" అని ఓసారి విసుక్కున్నాను.

"కుటుంబం తెలియకపోతే మనిషెలా తెలుస్తాడోయ్?"

విచిత్రమేమిటంటే, అందరూ చెప్పేసేవారు. మా సెక్రటరీ వెంకటప్పయ్య గారైతే, హనుమాన్ జంక్షన్లో తన బావమరిది పేకాటలో పట్టుబడి స్టేషన్లో కూర్చున్న కథంతా మెట్ల మీదే చెప్పి, ముక్కు చీదుకుని మరీ వెళ్లారు. వెనకే ఉన్న నేనూ విన్నాను.

ఈ వానాకాలం మూడో అంతస్తులో అద్దెకుంటున్న తెరేసమ్మ గారి కొడుకు యేసుబాబుని గొలుసు దొంగతనం కేసులో పోలీసులు పట్టుకుపోయారు. ఆసుపత్రిలో ఆయా పని చేసి పెంచిన ఒక్కగానొక్క కొడుకు. ఆవిడ లిఫ్టెక్కితే జనం దిగిపోయేవారు. పాపం, ఆవిడే లిఫ్టు మానేసి మెట్లెక్కడం మొదలుపెట్టింది. చూస్తుంటే ఒళ్లు మండేది.

ఆదివారం మీటింగు పెట్టారు.

"దొంగ కుటుంబం మన మధ్య వద్దండీ. ఖాళీ చేయించమని ఓనర్‌కి చెబుదాం" అన్నారు వెంకటప్పయ్య గారు. తెరేసమ్మ గారు తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఈ వయసులో ఎక్కడికి పోతుంది? ఈ ఊళ్లో జైల్లో కొడుకున్న తల్లికి ఇల్లెవరిస్తారు?

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "వెంకటప్పయ్య గారూ, చిన్న సందేహం. మీ బంధువర్గంలో ఎవరెవరున్నారండీ?"

అంతే! సెక్రటరీ గారి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. మాస్టారు తాపీగా పక్క కుర్చీ వైపు తిరిగారు. అందులో పెద్దమనిషి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచాడు. తర్వాతి కుర్చీ నాది.

"వాన వచ్చేలా ఉంది, ఆవిడ సంగతి వదిలేసి పదండి!" అన్నాను గబగబా. ఎవరూ కాదనలేదు.

బయట మెట్ల దగ్గర తెరేసమ్మ గారు కళ్లు తుడుచుకుంది. "లోకం మొత్తాన్ని అడుగుతారు గదా మాస్టారూ. మావాణ్ణి పట్టుకెళ్లిన కాణ్ణించీ నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదేంటండీ?"

"అందరూ అడుగుతూనే ఉన్నారు కదమ్మా. నేను కూడానా?"

ఆవిడ మెల్లగా అడిగింది. "మరి మీ ఇంట్లో ఎవరెవరుంటారండీ?"

మాస్టారు తడబడ్డారు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన్ని మేమెవ్వరం అడిగిన పాపాన పోలేదు.

"నేనొక్కణ్ణేనమ్మా."

"అయితే భోజనానికి మా ఇంటికి రండి. నాకూ నా ఒక్కదాని కోసం వండబుద్ధి కావట్లేదు."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఏం కూరమ్మా?" అన్నారు.